బస్తర్‌లో పాట ఎవరిది? ఘోటుల్ చరిత్ర, మానసిక ఆరోగ్యం

ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు వెరియర్ ఎల్విన్ అనగానే గుర్తొచ్చేది ఒకే పుస్తకం, 1947లో వచ్చిన 'ది మురియా అండ్ దెయిర్ ఘోటుల్'. దానికి నాలుగేళ్ల ముందు, 1943లో, ఆయన బస్తర్ మీదే ఇంకో పుస్తకం వేశారు. పేరు 'మరియా మర్డర్ అండ్ సూసైడ్'. బస్తర్ సంస్థానం రికార్డుల్లోంచి మరియా గోండులు నిందితులుగా ఉన్న వంద హత్య కేసులు తీసి, ఆత్మహత్యల కేసులు కూడా కలిపి, ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో పరిశీలించిన పుస్తకమిది. కోచింగ్ నోట్సుల్లో దీని ఊసు దాదాపు కనిపించదు. మానసిక ఆరోగ్యం గురించి బస్తర్ నుంచి ఒక ఉదాహరణ రాయాల్సి వస్తే మాత్రం ముందు తెరవాల్సింది దీన్నే అని నా అభిప్రాయం.

కారణం చెప్తాను. కళలు, సంగీతం మానసిక ఆరోగ్యానికి మేలు చేస్తాయన్న మాట ఈమధ్య వ్యాసాల్లో బాగా వినిపిస్తోంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 3000కు పైగా అధ్యయనాలను సమీక్షించి దీనిమీద నివేదిక ఇచ్చింది. అప్పటినుంచి మన సమాధానాల్లో 'గిరిజన నృత్యాలు సహజ మానసిక చికిత్స' అనే వాక్యం ఒకటి తయారైంది. వినసొంపుగా ఉంటుంది, పరీక్షకుడు కూడా కాదనడు. బస్తర్ చరిత్ర మాత్రం ఆ వాక్యాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు.

ఘోటుల్‌లో రాత్రి

ముందు ఘోటుల్ అంటే ఏమిటో చూద్దాం. ఇప్పటి నారాయణపూర్, కొండగావ్, కాంకేర్ జిల్లాల్లోని మురియా గోండు గ్రామాల్లో పెళ్లికాని పిల్లలు, యువతీయువకులు సాయంత్రం కాగానే చేరే ఇల్లు ఘోటుల్. అబ్బాయిలను చేలిక్ అని, అమ్మాయిలను మోటియారి అని అంటారు. ఆరేడేళ్ల వయసు నుంచే పిల్లలు వెళ్లడం మొదలుపెడతారు. చేరిన కొన్నాళ్లకు ఇంట్లో పెట్టిన పేరు పక్కకుపోయి ఘోటుల్ పేరు వస్తుంది, దాంతో ఒక హోదా, ఒక పని కూడా వస్తాయి. ఒకరు కట్టెలు తెచ్చేవారిని చూసుకోవాలి, ఒకరు ఊడ్చేవారిని, ఇంకొకరు చిన్నపిల్లలను. పని ఎగ్గొడితే చిన్న జరిమానా. మురియాల నమ్మకంలో దీన్ని స్థాపించినవాడు లింగో పెన్. ఆయన పద్దెనిమిది వాద్యాలను ఒకేసారి వాయించగల దేవుడు. సంస్థను కట్టిన దేవుడు సంగీతకారుడు కావడం యాదృచ్ఛికమని నేననుకోను.

బయటివాళ్ల రాతల్లో ఘోటుల్ అంటే యువతీయువకుల స్వేచ్ఛ ఒక్కటే. ఎల్విన్ పుస్తకం ప్రచారంలోకి వచ్చిందీ ఆ కోణం వల్లే. ఆ పుస్తకాన్ని ఓపిగ్గా చదివితే మాత్రం ఎక్కువ పేజీలు పనికి, పాటకు, ఆటకు, బొమ్మలకు, దువ్వెనలకు పోయాయని తెలుస్తుంది. చేలిక్ తన చేత్తో చెక్కి ఇచ్చిన దువ్వెనలు మోటియారి కొప్పులో ఉంటాయి. ఘోటుల్ గోడల మీద, స్తంభాల మీద బొమ్మలు గీస్తారు, చెక్కుతారు. ఊళ్లో పెళ్లయితే డోళ్లు వాయించేది, ఆడేది, వంటచెరకు మోసేది ఘోటుల్ పిల్లలే. చావు జరిగినా వాళ్లే వస్తారు. పండగ చక్రంలో ఏ రోజు ఏ పాట పాడాలి, ఏ ఊరికి వెళ్లి ఆడి రావాలి అన్నది వాళ్ల బాధ్యత. ఇందులో ప్రేక్షకుడంటూ ఉండడు. గొంతు బాగోలేనివాడు కూడా వరుసలో చెయ్యి పట్టుకుని అడుగు వేయాల్సిందే.

ఇది మనసుకు సంబంధించిన విషయం ఎలా అయింది? 1943 పుస్తకంలో ఎల్విన్ గమనించినది ఇది: బస్తర్ దక్షిణాన ఉన్న మరియాల్లో హత్యలు, ఆత్మహత్యలు చాలా ఎక్కువ, ఉత్తరాన ఉన్న మురియాల్లో తక్కువ. ఇద్దరూ గోండులే, ఒకే సంస్థానం ప్రజలు. సారా, అసూయ, ఆస్తి తగాదా, అవమానం, చేతబడి అనుమానం లాంటి కారణాలు ఎక్కడైనా ఉండేవే. తేడాకు ఆయన చూపిన కారణాల్లో ఒకటి, మురియాలకున్న తరహా ఘోటుల్ మరియాలకు లేకపోవడం. చిన్నప్పటి నుంచి నలుగురితో సర్దుకుపోవడం, కోపాన్ని ఆటగా, వెక్కిరింపు పాటగా మార్చుకోవడం, 'నాది' అన్న పట్టుదల కొంత తగ్గించుకోవడం ఘోటుల్ నేర్పుతుందని ఆయన వాదన.

అడవిదున్న కొమ్ముల చిక్కు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బస్తర్ నృత్యం అనగానే పత్రికల్లో, రిపబ్లిక్ డే శకటాల మీద మనం చూసే బొమ్మ ఏది? తలమీద అడవిదున్న కొమ్ములు, ఈకలు, ముఖం మీద వేలాడే గవ్వల జాలరు, మెడలో పొడవాటి డోలు. అది మురియాలది కాదు. అది దండామి మరియాల గౌర్ నృత్యం. 1938లో 'ది మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్' రాసిన గ్రిగ్సన్ ఈ శిరోభూషణం చూసే వాళ్లను 'బైసన్ హార్న్ మరియా' అన్నాడు. అంటే ఎల్విన్ లెక్కల్లో హత్యలు ఎక్కువగా కనిపించిన ప్రజలే, బస్తర్‌లో అత్యంత ప్రసిద్ధమైన సామూహిక నృత్యం ఉన్నవాళ్లు కూడా!

డోలు, అడుగు, గుంపు ఉన్నంత మాత్రాన మనసు కుదుటపడుతుందంటే మరియా గ్రామాలే అందరికంటే ప్రశాంతంగా ఉండాలి. అలా లేవు. గౌర్ నృత్యం ప్రధానంగా పెళ్లిళ్లది, పండగలది. ఏడాదిలో కొన్ని రోజులు ఉధృతంగా వచ్చి వెళ్తుంది. ఘోటుల్ రోజూ ఉంటుంది. అక్కడ పాటతోపాటు పని ఉంది, పేరు ఉంది, రాకపోతే 'ఎందుకు రాలేదు' అని అడిగే మనిషి ఉన్నాడు. నా దృష్టిలో ఎల్విన్ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివితే వచ్చే ముఖ్యమైన పాఠం ఇదే. ఆయన దీన్ని ఇంత సూటిగా చెప్పలేదు. ఇది నా చదువు.

అయితే ఎల్విన్‌ను కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఆయన వాడింది పోలీసు, కోర్టు కాగితాలు. ఠాణాకు చేరని కేసులు ఆ కాగితాల్లో ఉండవు, ఏ ఊరి కేసు ఠాణాకు చేరుతుందన్నది ఊరికీ ఠాణాకూ ఉన్న దూరం మీద కూడా ఆధారపడుతుంది. పైగా ఆయన ఘోటుల్‌ను ప్రేమించిన మనిషి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, క్రైస్తవ మిషన్‌తో వచ్చి, గాంధీ దగ్గరికి వెళ్లి, చివరికి రెండింటినీ వదిలి గోండుల మధ్య స్థిరపడ్డవాడు. తన కాలపు పట్టణ నాగరికత మీద కోపం ఆ పుస్తకాల్లో అడుగడుగునా ఉంది. ఘోటుల్‌లో అమ్మాయిల అభీష్టానికి, పెళ్లి మాత్రం పెద్దలు కుదిర్చినచోట చేసుకోవాల్సి రావడానికి మధ్య నలిగిన బాధను ఆయనే నమోదు చేశాడు కాని, దాని బరువును తక్కువ చేసి చూశాడని అనిపిస్తుంది. మెయిన్స్‌లో ఎల్విన్‌ను ఉటంకిస్తే ఈ పరిమితిని ఒక వాక్యంలోనైనా రాయండి.

చేట, కుండ, విల్లు

బస్తర్ అంటే ఘోటుల్ ఒక్కటే కాదు. జగ్దల్‌పూర్, కొండగావ్ పీఠభూమిలో హల్బీ మాట్లాడే రైతు కుటుంబాల్లో జాగర్ అనే ఆచారం ఉంది. 'జాగారం' మనకు తెలిసిన మాటే కాబట్టి అర్థం చెప్పనక్కర్లేదు. వీటిలో లఛ్మీ జాగర్ ముఖ్యమైనది. గురుమాయి అనే గాయనులు రోజుల తరబడి ఒక సుదీర్ఘమైన కథను కంఠతా పాడతారు. వాద్యం ధనకుల్. కుండ మీద చేట బోర్లించి, దానిమీద విల్లు ఆనించి, చీల్చిన వెదురు పుల్లతో ఆ వింటిని గీస్తారు. వంటింటి సామానుతో కట్టిన వాద్యం ఇది. కథ వరిలక్ష్మిది. నారాయణుడితో పెళ్లి, సవతుల పోరు, ఇల్లు విడిచి వెళ్లిపోవడం, ఆమె లేక ఇంట్లో అన్నం కరువవడం ఇవన్నీ అందులో ఉంటాయి. పెళ్లి ఘట్టం వచ్చిన రోజు వినేవాళ్లే పెళ్లివారవుతారు. కొందరు వధువు పక్షం, కొందరు వరుడి పక్షం.

కొండగావ్‌కు చెందిన రచయిత హరిహర్ వైష్ణవ్, ఆస్ట్రేలియా మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ కలిసి గురుమాయి సుఖ్‌దాయి పాడిన లఛ్మీ జాగర్‌ను నమోదు చేసి 2003లో పుస్తకంగా తెచ్చారు. దాన్ని సాహిత్యంగా, వరి సంస్కృతిగా చాలామంది చదివారు. అత్తింట్లో అవమానపడ్డ ఆడమనిషి కథ ఊరందరి ముందు, దేవత కథగా, రోజుల తరబడి నడుస్తుంటే అక్కడ కూర్చున్న ఆడవాళ్లకు ఏమవుతుంది? ఎవరి పేరూ బయటికి రాదు. ఎవరి కష్టం వాళ్లు అందులో పెట్టుకుని వినొచ్చు, ఏడవొచ్చు, నవ్వొచ్చు. ఇది చికిత్స అని నేననను. ఇలాంటి చోటు ఒకటి ఉండటానికీ లేకపోవడానికీ తేడా ఉంటుందని మాత్రం అంటాను.

దుఃఖం విషయంలో మరియాల పద్ధతి వేరు. చనిపోయినవాళ్ల పేర రాతిని నిలబెట్టడం వాళ్ల పాత ఆచారం. దంతెవాడ దగ్గర గామావాడలో అలాంటి రాళ్ల వరుసను పురావస్తు శాఖ రక్షిస్తోంది. తర్వాతి కాలంలో చెక్క స్తంభాలు, రంగుల బొమ్మలు వేసిన పలకలు వచ్చాయి. పోయినవాడు ఏం చేసేవాడో, ఏ జంతువును వేటాడాడో, ఏ బండి ఎక్కాడో గీస్తారు. రాయిని మోసుకొచ్చేది, నిలబెట్టేది, విందు చేసేది బంధుగణమంతా.

ఇక రోగమొచ్చిన మనిషి ముందు మోహరి ఊది, డోలు కొట్టి, సిర్హా మీదికి దేవుణ్ని రప్పించి కారణం అడగడం బస్తర్ అంతటా ఉన్నదే. మన ఊళ్లలో పూనకం తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. బాధితుడి చుట్టూ ఊరు కూర్చోవడం వల్ల అతనికి బలం చేకూరవచ్చు. అదే సభలో 'ఫలానా ఆవిడ కన్నుపడింది' అన్న మాట వస్తే ఆ ఆవిడ బతుకు ఏమవుతుంది? ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో టోన్హీ వేధింపుల నివారణ చట్టం తెచ్చింది అందుకే. టోన్హీ అంటే అక్కడి భాషలో మంత్రగత్తె. ఒకరికి ఊరట ఇచ్చిన గుంపే ఇంకొకరిని వెలివేయగలదు. సాంప్రదాయ వైద్యం గురించి రాసేటప్పుడు ఈ రెండో సగాన్ని వదిలేస్తే అది అబద్ధమవుతుంది.

పాట చేతులు మారింది

ఘోటుల్ ఎందుకు తగ్గింది అంటే 'ఆధునికత' అని ఒక్క మాటలో రాసేస్తాం. నిజానికి కారణాలు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చాయి. ఆశ్రమ పాఠశాలలు పిల్లల్ని రాత్రిపూట ఊరికి దూరం చేశాయి. చదువు కావాల్సిందే, కాని ఘోటుల్ నడిచేది రాత్రే. కెమెరాలతో వచ్చిన పర్యాటకుల చూపు, సినిమాల చిత్రణ వల్ల సిగ్గు పుట్టింది. సంస్కరణ ఉద్యమాలు దాన్ని అనాగరికమన్నాయి. 1980లలో వచ్చిన మావోయిస్టులకు గోండీ పాట విలువ బాగా తెలుసు. చేతనా నాట్య మంచ్ ద్వారా ఆ బాణీల్లోనే తమ రాజకీయాన్ని ఊరూరా తీసుకెళ్లారు. ప్రభుత్వ ప్రచారం కూడా తర్వాత అదే దారి పట్టింది. రెండు వైపులా పాట ఆయుధమైంది. పాడినవాడు ఎవరి మనిషో తేల్చుకోవాల్సిన స్థితి వచ్చాక, సాయంత్రం ఊరికే గుమిగూడి పాడుకోవడం కూడా అనుమానానికి తావిచ్చింది.

2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక వందల గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాలకు, కొందరు అడవిలోకి, కొందరు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వెళ్లారు. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి సాయుధం చేయడం రాజ్యాంగ విరుద్ధమని 'నందినీ సుందర్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్' కేసులో సుప్రీంకోర్టు 2011 జులై 5న తీర్పు ఇచ్చింది. పాలిటీ నోట్సులో మనం ఇక్కడ ఆపేస్తాం. ఖాళీ అయిన ఊళ్లో ఏం మిగల్లేదో ఆలోచించండి. గోండుల పెన్, అంటే గోత్ర దైవం, ఒక నేలకు, ఒక గుడికి, కొన్ని కుటుంబాలకు కట్టుబడి ఉంటుంది. పండుం అనే పండగ లేనిదే కొత్త పంట, కొత్త పండు ముట్టరు. ఊరు చెదిరితే ఆ క్యాలెండరే చెదురుతుంది. మనం గుత్తికోయలు అని పిలిచే కుటుంబాలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు అడవుల్లో గుడిసెలు వేసుకుని ఉంటున్నాయి. వాళ్ల పోడు మీద అటవీశాఖతో గొడవ గురించి వార్తలు చదువుతాం. 'రేలా' పల్లవితో సాగే పాటలను టీవీ కార్యక్రమం ద్వారా తెలుగు ప్రేక్షకులందరూ గుర్తుపడతారు. ఆ పాట పుట్టిన వలయంలో చేయీ చేయీ పట్టుకునేవాళ్లు ఇప్పుడు రెండు మూడు రాష్ట్రాల్లో చెల్లాచెదురై ఉన్నారన్న సంగతి అంతగా తెలియదు.

ఇటు వైద్యం సంగతి చూస్తే అదీ దూరమే. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ దగ్గర సేంద్రీలో ఉంది. జగ్దల్‌పూర్ నుంచి దాదాపు 400 కిలోమీటర్లు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే చెప్పింది. నిమ్హాన్స్ సాయంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు దూరవిధానంలో శిక్షణ ఇవ్వడం ఛత్తీస్‌గఢ్ చేసిన మంచి పని. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్, నంబరు 14416, ఫోను పనిచేసే చోట ఉపయోగమే. గోండీ, హల్బీ రెండూ ఎనిమిదో షెడ్యూలులో లేని భాషలన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. దిగులును ఏ మాటతో చెప్పాలో తెలిసిన భాష ఒకటి, డాక్టరు రాసుకునే భాష మరొకటి.

పరిశోధన ఎంత వరకు

సమాధానంలో ఆధారాలు కావాలి కాబట్టి ఒక్క అధ్యయనమైనా వివరంగా తెలిసి ఉండాలి. 2018లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీ'లో డెయిసీ ఫాన్‌కోర్ట్, రోజీ పెర్కిన్స్ ప్రచురించినది తీసుకోండి. ప్రసవానంతర కుంగుబాటు లక్షణాలున్న 134 మంది తల్లులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు పసిపిల్లలతో కలిసి పది వారాలు పాటలు పాడింది, రెండోది పిల్లలతో ఆటలు ఆడింది, మూడోదానికి మామూలు సంరక్షణే. లక్షణాలు తీవ్రంగా ఉన్న తల్లుల్లో, పాడిన జట్టు మామూలు సంరక్షణ జట్టుకంటే త్వరగా కోలుకుంది. చివరికి వచ్చేసరికి మూడు జట్లూ మెరుగయ్యాయి. తేడా వేగంలోనే ఉంది. మా వ్యాసాల్లో సాధారణంగా మొదటి సగమే కనిపిస్తుంది! కుంగుబాటుకు సంగీత చికిత్స మీద 2017లో వచ్చిన కోక్రేన్ సమీక్ష కూడా, మామూలు చికిత్సకు తోడుగా ఇస్తే స్వల్పకాలంలో లాభం కనిపిస్తోందని చెప్పింది. 'తోడుగా' అన్న మాట కింద గీత గీసుకోండి.

మన దేశంలోనూ ఆసుపత్రి గోడల లోపల కళకు చోటు ఇచ్చిన చరిత్ర ఉంది. 1918లో యూరోపియన్ల కోసం రాంచీలో పెట్టిన ఆసుపత్రి, ఇప్పటి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైకియాట్రీ, 1922లోనే ఆక్యుపేషనల్ థెరపీ విభాగం మొదలుపెట్టింది. నేత, బుట్టలల్లిక, చెక్కపని అక్కడ చికిత్సలో భాగం. కాని అక్కడ రోగి ఊరికి దూరంగా ఉండి అల్లాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ సమాజంలో ఉంటూ జీవించే హక్కు ఇచ్చింది కాబట్టి ప్రశ్న ఇప్పుడు తిరగబడింది. రోగికి సమాజం కావాలని చట్టం అంటోంది. బస్తర్‌లో ఆ సమాజమే చెదిరింది.

అక్కడ ఇప్పుడు జరుగుతున్నవి కొన్ని ఉన్నాయి. హబీబ్ తన్వీర్ నయా థియేటర్‌లో పనిచేసిన అనూప్ రంజన్ పాండే అంతరించిపోతున్న వాద్యాలను సేకరించి, పల్లెల వాద్యకారులతో 'బస్తర్ బ్యాండ్' కట్టారు. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. జగ్దల్‌పూర్ పక్కన ఆస్నాలో రాష్ట్ర ప్రభుత్వం 'బాదల్' అనే అకాడమీ పెట్టింది, నృత్యం, కళ, సాహిత్యం, స్థానిక భాషలు నేర్పడానికి. 2024 చివర్లో జరిగిన బస్తర్ ఒలింపిక్స్‌లో లొంగిపోయిన మావోయిస్టులు, మందుపాతరలకు కాళ్లు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఆడారు. 2025లో బస్తర్ పండుం పేరుతో నృత్యం, పాట, వాద్యం, వంటలకు పోటీలు పెట్టారు. ఒకప్పుడు ఎదురెదురుగా నిలిచినవాళ్లు ఒకే మైదానంలో ఆడటం చిన్న విషయం కాదు. అయినా పోటీలో న్యాయనిర్ణేత ఉంటాడు, వేదిక ఉంటుంది, ఓడినవాళ్లు ఉంటారు, నాలుగోరోజు వేదిక విప్పేస్తారు. ఘోటుల్‌లో గొంతు బాగోలేనివాడికీ వరుసలో చోటుండేదని పైన చెప్పాను. ఆ పిల్లవాడు జిల్లాస్థాయి పోటీకి ఎంపిక కాడు.

సాధన ప్రశ్న (250 పదాలు): "ఘర్షణ ప్రాంతాల్లో మానసిక పునరావాసానికి స్థానిక కళారూపాలు ఎంతవరకు ఉపయోగపడతాయి? మధ్య భారత గిరిజన సమాజాల ఉదాహరణలతో విమర్శనాత్మకంగా పరిశీలించండి." రాసేటప్పుడు గౌర్ నృత్యాన్ని, ఘోటుల్‌ను ఒకటిగా కలిపేయకండి. టోన్హీ చట్టాన్ని ఒక వాక్యంలో తప్పక తీసుకురండి. సమాధానాలు వారంలోపు పంపితే ఎప్పటిలాగే దిద్ది పంపిస్తాను.